పొద్దున్నే ఒక ఖాళీ ఫోల్డర్

బస్సు జగ్గయ్యపేట స్టాండు దాటకముందే నా తొడలు మొద్దుబారాయి. కంప్యూటర్ పెట్టెకి ఇంత బరువుంటుందని అది షాపులో బల్లకింద ఉన్నన్నాళ్ళూ తెలియలేదు, పైగా దెబ్బ తగలకూడదని మా ఆవిడ దీనికి పాత బొంత చుట్టింది, దాంతో చూసేవాళ్ళకి నేను జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని నందిగామ ఆస్పత్రికి పోతున్న తండ్రిలా కనబడుతున్నట్టున్నాను, ముందు సీటు ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. కండక్టర్ మాత్రం జాలిపడలేదు, బొంత అంచు ఎత్తి లోపలికి తొంగిచూసి, "దీనికి లగేజీ కొట్టాలండి" అన్నాడు. "ఒళ్ళో పెట్టుకున్నదానికి లగేజీ ఏంటండి?" అంటే, "ఒళ్ళో పెట్టుకుంటే మనిషైపోద్దా?" అన్నాడు. లగేజీ కొట్టించుకున్నాను. పేటలో పుల్లయ్య ప్రెస్ అంటే ఎవరైనా దారి చూపిస్తారు, ఆ పుల్లయ్య కొడుకు ఓంకార్ పల్లెవెలుగు బస్సులో బొంత మూటతో వాదులాట పెట్టుకున్నాడని సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది, తెలియనీ, నా బాధ వాళ్ళకేం తెలుసు.

నా బాధ ఒక్క ముక్కలో చెప్పొచ్చు గానీ విన్నవాళ్ళు నవ్వుతారు, అందుకే చెప్పను. రోజూ పొద్దున నేను షాపుకి వెళ్ళేసరికి కంప్యూటర్ తెరమీద, సరిగ్గా నడిమధ్యన, పచ్చగా ఒక ఫోల్డర్ కూర్చుని ఉంటుంది. పేరు న్యూ ఫోల్డర్. తెరిస్తే లోపల ఏమీ ఉండదు. నేను పెట్టలేదు, మా ఆపరేటర్ ముంతాజ్ పెట్టలేదు, పెట్టలేదని ఖురాన్ మీద ఒట్టేస్తానంది, అంతదూరం వద్దులేమ్మా అన్నాను. మరి ఎవరు పెడుతున్నట్టు, సాఫ్ట్‌వేర్ పెడుతున్నట్టు. ఆన్ అవ్వడం, ఒక ఖాళీ ఫోల్డర్ కనడం, నేను వచ్చేదాకా దాన్ని అలా ఆరుబయట పడుకోబెట్టడం. ఎవడైనా ఇంట్లో దూరి వస్తువు ఎత్తుకుపోయాడంటే అర్థముంది, రోజూ దూరి ఒక ఖాళీ సంచి పెట్టిపోతే ఏ పోలీసుకి చెప్పుకోను. నేను దాన్ని పట్టి చెత్తబుట్టలో వేస్తాను, నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటర్ అడుగుతుంది, నిజంగానే అంటాను, తర్వాత గానీ టీ తాగను. దసరా వెళ్ళినప్పటినుంచి ఇదే నా బోణీ.

అలాగని నాకు తెలియక కాదు. అడక్కుండా ఫోల్డర్లు పెట్టే సాఫ్ట్‌వేర్లని ఎన్నింటిని దారికి తెచ్చాను. స్కానర్ కొన్న కొత్తలో అది మై స్కాన్స్ అని ఒకటి పెట్టింది, లోపల ఆప్షన్లలోకి వెళ్ళి, బాబూ నీ సామాను డి డ్రైవ్‌లో ఆ మూల పెట్టుకో అని దారి మార్చాను, వింది. పాటల సాఫ్ట్‌వేర్ ఒకటి తీసినకొద్దీ తన పేరుతో ఫోల్డర్ పెట్టేది, దానికి ఆప్షన్లూ లేవు సిగ్గూ లేదు. అప్పుడు ఆ ఫోల్డర్ తీసేసి, అదే చోట అదే పేరుతో ఒక ఉత్త ఫైల్ పెట్టాను, ఆ పేరు మీద చోటు నిండిపోయేసరికి అది మళ్ళీ పెట్టలేక నోరు మూసుకుంది. విజయవాడ స్టాండులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వెయ్యడం లాంటిదే ఇది, మనిషి లేకపోయినా సీటు మనదే. ఈ కిటుకు నేనే కనిపెట్టానని బజార్లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను, ఎవరూ సంతోషించలేదు.

అదే తువ్వాలు ఈ న్యూ ఫోల్డర్ మీదా వేశాను. పొద్దున వచ్చి చూస్తే దాని పక్కన న్యూ ఫోల్డర్ రెండు అని కూర్చుని ఉంది. సీటు మీద తువ్వాలుంటే పక్క సీట్లో కూర్చునే రకమన్నమాట, ఆ రోజు మొదటిసారి దాని తెలివికి కొంచెం భయం వేసింది. అంతకుముందు కార్తీకంలో ఒకసారి తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ లోపలికి పోయి కనబడిన టిక్కులన్నీ పీకేస్తే కొన్నాళ్ళు రాలేదు, పెనుగంచిప్రోలులో మా బాబాయి పోయిన మైల రోజులవి, నాన్న ఇల్లు కదలలేదు, నేనే ఏదో ఒకపూట వచ్చి షాపు చూసుకునేవాణ్ణి, అంత దుఃఖంలోనూ రోగం కుదిరిందని లోపల్లోపల సంతోషించాను. పెద్దకర్మ అయిన మర్నాడే మళ్ళీ వచ్చి కూర్చుంది. చలిగాలులప్పుడు యాంటీవైరస్ సీడీ తెచ్చి వేశాను, వారం రోజులు తెర కడిగిన పళ్ళెంలా ఉంది, ఇంటికెళ్ళి జ్వరంతో మంచం మీదున్న నాన్నకి ఆ గొప్ప చెప్పుకుంటే ఆయన దుప్పటిలోంచి "మంచిదేరా" అన్నాడు. ఆయన లేచి తిరగడం మొదలెట్టాక అదీ తిరగడం మొదలెట్టింది. ఇవన్నీ నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే కృపారావుకి ఫోన్లో పూసగుచ్చినట్టు చెప్పాను, ఆయన అంతా విని, డాక్టర్లు ఊపిరి వదిలినట్టు ఒక ఊపిరి వదిలి, "వైరసేనండి. ఇవాళ ఖాళీ ఫోల్డర్లు పెట్టిద్ది, రేపు లోపలున్నయ్యి తినిద్ది. పెట్టె తీసుకురండి, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు.

ఫార్మాట్ కొట్టేద్దాం అనడం తేలికే. కొబ్బరికాయ కొట్టేద్దాం అన్నట్టు అన్నాడు. రేపటినుంచి మాఘం, పెళ్ళికార్డుల రోజులు, ఈ రెండు నెలలు ఆడితేనే మిగతా ఏడాది ఆడినట్టు, ఇన్నేళ్ళుగా మేము కట్టిన కార్డులన్నీ ఈ పెట్టెలోనే ఉన్నాయి. కార్డులు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు, కృపారావు సీడీల్లోకి కొంత ఎక్కిస్తానన్నాడు. అక్షరాల సంగతి ఏంటి. తెలుగు ఫాంట్లు ఎక్కించిన మనిషి ఎక్కించేటప్పుడు తలుపు వేసుకున్నాడు, ఏం చేశాడో మాకు చూపించలేదు, తర్వాత హైదరాబాదు వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు మార్చాడు. ఒకసారి తుడిస్తే మళ్ళీ ఎక్కుతాయన్న నమ్మకం లేదు. తెలుగు అక్షరం లేని పెళ్ళికార్డు పేటలో ఎవడు కొట్టించుకుంటాడు. ఇప్పటికి ఒకసారి మా ఇంట్లో అక్షరాలు పోయాయి. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ పాత ఇనుముకి తూకం వేసిన రోజున సీసం అక్షరాలు కూడా గోనెసంచుల్లో తూకం వేశాం, అఆలు, వత్తులు, గుడులు అన్నీ కలిపి ఒకే ధర, నాన్న ఆ పూట ఏదో పనుందని చిల్లకల్లు పోయి చీకటిపడ్డాక వచ్చాడు. ఏం పనో మేము అడగలేదు. ఇప్పుడు నేను రెండోసారి అక్షరాలు పోగొట్టడానికి టికెట్ కొనుక్కుని, లగేజీ కూడా కట్టి, వెళ్తున్నాను.

అంతా ఒక ఎత్తు, ఇవాళ పొద్దున ఇది చేసిన పని ఒక ఎత్తు. నందిగామ తీసుకెళ్ళేముందు ఒకసారి చూద్దామని ఆన్ చేస్తే తెరమీద ఫోల్డర్ లేదు. ఆస్పత్రి గుమ్మం ఎక్కగానే పంటినొప్పి పోయినట్టు, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది. ముంతాజ్ ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోనీలెండి సార్, ఖాళీదేగా, బరువా ఏమన్నానా, ఉంటే ఉండనివ్వండి" అంది. ఈ అమ్మాయి పని బాగా చేస్తుంది గానీ రోగమంటే భయం లేదు. మొన్న మౌసు కుడి మీట మీద ఎర్రగా మరక ఉంటే, తిన్న చేత్తో ముట్టుకోవద్దమ్మా అన్నాను, "సబ్బుతోనే కడుక్కుంటానండి, అది నా చెయ్యి కాదు" అంది, ఇంకెవరి చెయ్యమ్మా అంటే ప్రింట్ తీయడానికి లేచి వెళ్ళిపోయింది. నాన్న షాపు మెట్ల మీద నిలబడి, నేను పెట్టెకి బొంత చుట్టి తాడు కడుతుంటే చూసి చూసి, "ఇవాళ ఎందుకురా దాన్ని కదపడం, రేపు తీసుకెళ్ళకూడదా" అన్నాడు. ఆయనకి కంప్యూటర్ పడదు, దాన్ని జన్మలో ముట్టుకోనని ట్రెడిల్ అమ్మినప్పుడే చెప్పాడు, తెల్లారగట్లే వచ్చి షాపు తీసి, ఊడ్చి, అగరొత్తి వెలిగించి, ముంతాజ్ వచ్చేసరికి వేడెక్కి ఉంటుందని స్విచ్ మాత్రం వేసిపెడతాడు. స్విచ్ వెయ్యడం ముట్టుకోవడం కిందికి రాదని ఆయన లెక్క.

చిల్లకల్లు. బస్సు హైవే ఎక్కేముందు ఆగింది, ఎండుమిరపకాయల మూటతో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది, బస్సులో ఆ చివరినుంచి ఈ చివరిదాకా తుమ్ములు మొదలయ్యాయి, ఆవిడ ఒక్కతే తుమ్మలేదు. కాసేపు బొంత వంక చూసింది. "టీవీయా అయ్యా?" "కంప్యూటరమ్మా." "ఏమైంది దానికి?" ఏం చెప్పను, ఫోల్డర్ అంటే ఏంటంటుంది, సాఫ్ట్‌వేర్ అంటే అసలు వినదు, "రోజూ పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఒక ఖాళీ సంచి తెచ్చి గుమ్మంలో పెడుతోందమ్మా" అన్నాను. ఆవిడ నవ్వలేదు, ఇంతవరకు నవ్వకుండా విన్న మనిషి ఆవిడ ఒక్కతే. "ఇయ్యాల పెట్టిందా?" "ఇవాళ పెట్టలా." "ఇయ్యాల అమాసగా" అంది, అది దానికి తెలియకుండా ఎలా ఉంటుంది అన్నట్టు, మూట కాళ్ళ మధ్యకి లాక్కుని కిటికీలోంచి సిమెంటు లారీలు చూడటం మొదలెట్టింది.

నేను నవ్వాను, నవ్వు సగంలో ఆగిపోయింది. అమావాస్య. మార్గశిరంలో అమావాస్య నాడు మా ఆవిడ తమ్ముడి నిశ్చితార్థం వాయిదా వేశారని నేను తీరిగ్గా షాపులో కూర్చున్నాను, ఆ పూట తెర శుభ్రంగా ఉంది, నాకు బాగా గుర్తు, విజయం అనుకుని టీ రెండుసార్లు తాగాను. కార్తీకం చివర్న కూడా ఒక రోజు రాలేదు. దీపావళి నాడు మాత్రం వచ్చింది, అదీ అమావాస్యే, కానీ లక్ష్మీపూజ రోజు కొట్లో దీపం పెట్టకుండా, పని మొదలెట్టకుండా ఎవరుంటారు, దానికి మినహాయింపు ఉంది. మినహాయింపు కూడా తెలిసిన వైరస్. పంచాంగం చూసే వైరస్. బాబాయి పోతే మైల పట్టిన వైరస్, మా బాబాయి పోతే దానికెందుకు మైల. చలికాలం నాన్నతోపాటే జ్వరమొచ్చి, నాన్నతోపాటే లేచిన వైరస్. బస్సు వేగం అందుకుంది, నేను బొంతని గట్టిగా పట్టుకున్నాను, కుడి మీట, ఎర్రమరక, అది అన్నం చెయ్యి కాదు, కుంకుమ చెయ్యి. దసరాకి ఆయుధపూజ నాడు పెట్టెకి బొట్లు పెడుతూ నాన్న ముంతాజ్‌ని ఏదో అడుగుతున్నాడు, నేను బయట మామిడాకులు కడుతున్నాను, సగమే వినబడింది. "కొత్తది మొదలెట్టాలంటే ఏది నొక్కాలమ్మా?" "కుడిచేతి వైపుదండి." "కుడిదేనా?" "కుడిదేనండి పెద్దయ్యగారూ." "మంచిది." ఫ్యాను స్విచ్ గురించేమో అనుకున్నాను నేను.

పుల్లయ్య ప్రెస్‌లో ఏ రోజూ పని ముందు మొదలవ్వలేదు, శ్రీ ముందు మొదలైంది. నా చిన్నప్పుడు బడికి పోతూ ప్రెస్‌లోకి తొంగిచూస్తే నాన్న పళ్ళు తోముకుని, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సీసం అక్షరాల కేసులోంచి శ్రీ అక్షరం ఒక్కటి తీసి, అక్షరాలు పేర్చే స్టిక్కులో నిలబెట్టి, ట్రెడిల్ మీద ఒక తెల్లకాగితం ముక్కకి ఆ ఒక్క అక్షరం కొట్టి, తడి ఆరకముందే దేవుడి పటం దగ్గర ఇనప ఊచకి గుచ్చేవాడు. అది అయ్యాకే పెళ్ళికార్డయినా, కరపత్రమయినా, పెద్దకర్మ కార్డయినా. అమావాస్య నాడు లేదు, మైలలో లేదు, మంచం పడితే లేదు, ఆయన కొట్టకపోతే ఇంకెవరూ కొట్టేవాళ్ళు కాదు. ట్రెడిల్ పోయింది, కేసులు పోయాయి, ఊచ కూడా పాత ఇనుములో పోయింది, ఆ తర్వాత ఈయన పొద్దున్నే ఏం చేస్తున్నాడని నాకు ఎప్పుడూ తోచలేదు, ఊడుస్తున్నాడు కదా అనుకున్నాను. ఆయనకి టైపు చెయ్యడం రాదు, శ్రీ ఎక్కడుందో తెలియదు, ముంతాజ్‌ని రోజూ అడగడానికి మొహమాటం. కుడి మీట నొక్కితే, ఆ అమ్మాయి చెప్పిన చోట నొక్కితే, తెర నడిమధ్యన పసుపు రాసిన శుభలేఖ కవరు లాంటిది ఒకటి పచ్చగా వచ్చి నిలబడుతుంది. చాలు కదా, కొత్తది, పచ్చటిది, కుడిచేత్తో పెట్టింది. దణ్ణం పెట్టుకుని ఉంటాడు. ఫోల్డర్ ఫోల్డర్ అని నేను ఇల్లెక్కి అరుస్తుంటే అది తన కవరు గురించేనని ఆయనకి తెలియదు, పాపం, సానుభూతిగా "కుదురుతుందిలేరా" అనేవాడు. నేను పదింటికి తీరిగ్గా వెళ్ళి, నిజంగానే తీసెయ్యాలా అని పెట్టె అంత మర్యాదగా అడుగుతున్నా, నిజంగానే అన్నాను. మనిషికి లేని బుద్ధి పెట్టెకి ఉంది, రోజూ అడిగింది.

మరి మర్నాడు నిన్నటిది కనబడకపోతే ఆయన ఏమనుకుని ఉంటాడు. ఒకసారి నేను కాగితం కొనడానికి విజయవాడ పోయి ఒక రోజు ఉండిపోయాను, తిరిగొచ్చేసరికి రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి, ముంతాజ్ అంది, నిన్నటిది ఇంకా అందలేదేంటమ్మా అని పెద్దయ్యగారు అడిగారండి అని. ఏదో పార్సెల్ సంగతి అనుకుని, ఆర్టీసీ కార్గోలో కనుక్కోమన్నాను. నిన్నటిది ఇంకా అందలేదేంటి. అంటే మాయమైన ప్రతిదీ అందిందని అనుకుంటున్నాడు. ఎవరికి అందుతుందో ఆయన చెప్పడు, నేను అడగను, అందుకునేవాడికి కూడా అవన్నీ నా చెత్తబుట్ట మీదుగానే చేరాలి కాబట్టి ఆ మాట మేమిద్దరం తేల్చుకోకపోవడమే మంచిది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి పెద్ద తుమ్ముగా బయటపడ్డాయి. పెద్దావిడ మూట ముడి బిగించి, "ఘాటెక్కువ ఈ రకం" అంది.

నందిగామ. కోర్టు దగ్గర నల్లకోట్లు, బస్టాండు ఎదురుగా మేడమీద కృపారావు షాపు, మెట్లు ఎక్కేసరికి ఆయన స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బొంత విప్పి, వైర్లు తగిలించి, ఆన్ చేశాడు. తెరమీద నీలం తప్ప ఏమీ లేదు. "ఏదండీ, లేదే?" "ఇవాళ రాదండి." "రాదా?" "అమావాస్య కదా." ఆయన నావైపు చూసిన చూపుకి నేనేమీ అనుకోలేదు, బస్సులో నేను ఆవిడని అలాగే చూశాను. "సరే, ముందు ఫార్మాట్ కొట్టేస్తా, మీరు కిందికెళ్ళి టీ తాగిరండి" అని సీడీ తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, అలా పట్టుకుంటానని నేనూ అనుకోలేదు. "వద్దండి. దుమ్ము దులిపి ఇవ్వండి చాలు. ఆ ఫోల్డర్లు తెరమీద వచ్చినవి వచ్చినట్టు వరసగా సర్దుకునేట్టు ఏదన్నా చెయ్యొచ్చేమో చూడండి, బోలెడు వస్తాయి ఇకమీదట."

"ఆపమనేగా ఇంత దూరం మోసుకొచ్చారు?" అన్నాడు కృపారావు. "మరి రేపు మళ్ళీ వస్తే?"

నేను బొంత దులిపి మడతపెట్టాను.

"రావాలండి" అన్నాను. "ఏ రోజు రాకపోతే ఆ రోజు పరిగెత్తాలి నేను. మీ దగ్గరికి కాదు."